రిపోర్టులో ‘నేను’ ఎక్కడికి పోతుంది?

పి. సత్యవతి తెలుగు చేసిన ‘ఒక హిజ్రా ఆత్మకథ’ ఈ పేజీలు చదివేవాళ్లలో చాలామంది చదివే ఉంటారు. రేవతి తమిళంలో రాసుకున్న బతుకు, వి. గీత ఇంగ్లిష్ అనువాదం మీదుగా మన దగ్గరికి వచ్చింది. తెలుగు అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం కూడా వచ్చింది. ఆ పుస్తకాన్నీ, ఇంటర్నేషనల్ కమిషన్ ఆఫ్ జ్యూరిస్ట్స్ అనే సంస్థ 2017లోనూ 2019లోనూ భారతదేశం మీద వేసిన రెండు రిపోర్టుల్నీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. మొదటి రిపోర్టు పోలీసులు, కోర్టుల దగ్గర న్యాయం ఎలా అడ్డం తిరుగుతుందో చెబుతుంది. రెండోది అద్దె ఇళ్లు, ఉద్యోగాలు, వీధుల గురించి. రేవతి పుస్తకంలో ఉన్నవీ ఇవే: స్టేషన్, అద్దె గది, బస్టాండు, పని, పుట్టిల్లు. అయినా ఈ రెండు రకాల రాతలూ ఒకే లోకంలో రాసినట్టు ఉండవు. ఎందుకుండవు అన్నదే ఈ వ్యాసం.

మనం నవలని సమీక్షిస్తాం, కవిత్వ సంపుటిని సమీక్షిస్తాం, సినిమాని ఏకి పారేస్తాం. మానవ హక్కుల రిపోర్టుని ఎవరం సమీక్షించం. అది ‘సమాచారం’ కదా అనుకుంటాం. కానీ రిపోర్టుకీ ఒక కంఠం ఉంది, ఒక వ్యాకరణం ఉంది, కొన్ని మాటలంటే మోజు ఉంది, కొన్ని మాటలంటే భయం ఉంది. పైగా మనం చదివే కథల్లో ఎన్ని సుప్రీంకోర్టు దాకా వెళ్తాయి? ఈ రిపోర్టుల్లోని వాక్యాలు వెళ్తాయి. మనుషుల గుర్తింపు కార్డుల మీద ఏం రాయాలో నిర్ణయిస్తాయి. అంత పని చేసే వచనాన్ని వచనంగా చదవకపోవడం మన బద్ధకమే.

ముందు సంస్థ గురించి నాలుగు మాటలు. పొట్టి పేరు ఐసీజే అనగానే చాలామంది హేగ్‌లో ఉన్న అంతర్జాతీయ న్యాయస్థానం అనుకుంటారు. అది వేరు, ఇది వేరు. ఇది జడ్జీలు, లాయర్లు, లా ప్రొఫెసర్లు కలిసి నడిపే ప్రభుత్వేతర సంస్థ. కమిషన్ సభ్యులు గరిష్ఠంగా 60 మంది. ఆఫీసు జెనీవాలో. పుట్టింది 1952లో, పశ్చిమ బెర్లిన్‌లో. ఆ జులైలోనే వాల్టర్ లిన్సే అనే పశ్చిమ బెర్లిన్ లాయర్ని తూర్పు జర్మనీ మనుషులు నడివీధిలో ఎత్తుకుపోయారు. తర్వాత అతన్ని మాస్కోలో చంపేశారు. అంటే కోల్డ్ వార్ కడుపున పుట్టిన బిడ్డ ఇది. ఎవరి డబ్బుతో పెరిగిందన్నది 1967లో బయటపడింది: అమెరికా గూఢచార సంస్థ సీఐఏ డబ్బు వేరే ఫండ్ పేరుతో దీనికి చేరేది. ‘విదేశీ నిధులు’ అన్న మాట వినగానే చెవులు నిక్కబొడుచుకునే మన కాలంలో ఈ సంగతి దాచి రాయడం కుదరదు, దాచాల్సిన అవసరమూ లేదు. తర్వాతి దశాబ్దాల్లో అదే సంస్థ అమెరికాకి నచ్చని మాటలు కూడా చాలానే రాసింది. 1959 జనవరిలో న్యూఢిల్లీలో ఇది పెట్టిన సభలోనే ‘చట్టబద్ధ పాలన’ అంటే ఏమిటో చెప్పే ఢిల్లీ డిక్లరేషన్ తయారైంది. మన దేశంతో దీని సంబంధం కొత్తదేం కాదు.

దీనికి పోలీసు లేడు, జైలు లేదు, తీర్పు చెప్పే అధికారం లేదు. విచారణలకి పరిశీలకుల్ని పంపుతుంది, కోర్టుల్లో అభిప్రాయాలు దాఖలు చేస్తుంది, రిపోర్టులు వేస్తుంది. చేతిలో ఉన్నదల్లా కాగితం. కాబట్టి ఆ కాగితం మీద వాక్యం ఎలా నడుస్తుందన్నది వాళ్లకి చావు బతుకుల సమస్య. మనకి కాకపోవచ్చు.

ఆ కాగితాల్లో మన జీవితాల్లోకి బాగా లోపలికి వచ్చింది యోగ్యకర్త సూత్రాలు. 2006 నవంబర్‌లో ఇండోనేషియాలోని యోగ్యకర్త నగరంలో, గజా మదా విశ్వవిద్యాలయంలో, ఐసీజే, ఇంటర్నేషనల్ సర్వీస్ ఫర్ హ్యూమన్ రైట్స్ అనే మరో సంస్థ చొరవతో నిపుణులు సమావేశమయ్యారు. సంతకాలు చేసింది 29 మంది. సూత్రాలూ 29. ఐర్లండ్ మాజీ అధ్యక్షురాలు మేరీ రాబిన్సన్, పాకిస్తాన్ నుంచి అస్మా జహంగీర్, నేపాల్ నుంచి సునీల్ బాబు పంత్, మన దేశం నుంచి మిలూన్ కొఠారీ ఆ 29 మందిలో ఉన్నారు. లైంగిక ఆసక్తి, జెండర్ గుర్తింపు అన్న రెండు విషయాల్లో అంతర్జాతీయ మానవ హక్కుల చట్టం ఏం చెబుతుందో ఇందులో వరసగా రాశారు. 2007 మార్చిలో జెనీవాలో విడుదల చేశారు.

ఈ పాఠం గురించి సాహిత్య విద్యార్థిగా నాకు తోచిన మొదటి ఆశ్చర్యం ఇది. ఏ దేశమూ దీని మీద సంతకం చేయలేదు. ఏ పార్లమెంటూ ఆమోదించలేదు. అయినా ఇందులో వాక్యాలన్నీ ‘రాజ్యాలు ఇలా చేయాలి’ అనే విధ్యర్థకంలోనే ఉంటాయి. అడగడం లేదు, బతిమాలడం లేదు, శాసిస్తోంది. ఆ శాసించే హక్కు ఎక్కడిది అంటే, మేం కొత్తగా ఏమీ చెప్పడం లేదు, మీరు ఇప్పటికే సంతకాలు పెట్టిన ఒప్పందాల్లో ఉన్నదే విడమరిచి చెబుతున్నాం అంటుంది. 

ఈ ఎత్తు మనకి తెలియనిది కాదు. సూతుడు శౌనకాది మునులకు చెప్పాడు, అంతకుముందు వ్యాసుడు చెప్పాడు, నేను తెలుగు చేస్తున్నానంతే అంటూ మొదలుపెట్టి, నన్నయ కొత్త భాషకి కొత్త కావ్యాన్నే కట్టాడు కదా. ‘కొత్తది’ అని ఒప్పుకుంటే ఎవరూ వినరు. ‘ఉన్నదే’ అంటే కాదనడం కష్టం. యోగ్యకర్త రచయితలు చేసింది అచ్చంగా ఇదే. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటనలో జెండర్ గుర్తింపు అన్న మాటే లేదు. ఆ మాట అక్కడ ఎప్పట్నుంచో ఉన్నట్టు రాయడానికి గుండె ధైర్యం కావాలి, వాక్యం మీద పట్టూ కావాలి. ఆ పట్టు వీళ్లకి ఉంది. ఒక్కో సూత్రం ముందు హక్కుని చెబుతుంది, తర్వాత రాజ్యం చేయాల్సిన పనుల్ని అంశాలుగా విడదీసి పెడుతుంది. మూడో సూత్రం చట్టం ముందు గుర్తింపు గురించి. తన జెండర్ గుర్తింపుని చట్టం ఒప్పుకోవాలంటే ఆపరేషన్ చేయించుకోవాలనిగానీ, హార్మోన్లు వాడాలనిగానీ, సంతాన సామర్థ్యం తీయించుకోవాలనిగానీ ఎవర్నీ బలవంతపెట్టకూడదంటుంది. తప్పించుకోడానికి సందు లేని వాక్యం అది.

కానీ ఈ పాఠం నిండా వెతికినా ఒక మనిషి కనబడదు. ‘ప్రతి ఒక్కరూ’ ఉంటారు, ‘వ్యక్తులు’ ఉంటారు, ‘రాజ్యాలు’ ఉంటాయి. బతికిన మనిషి లేదు. అది సూత్రగ్రంథం కాబట్టి ఉండదులే అనుకుందాం. మరి మనుషుల్ని కలిసి, వాళ్ల మాటలు విని రాసిన 2017, 2019 రిపోర్టుల సంగతి? వాటిలో మనుషులు ఉన్నారు. బాగానే ఉన్నారు. కానీ ఒక్కొక్కరూ ఒకటి రెండు పేరాల పాటు ఉండి వెళ్లిపోతారు. ఒక ఊళ్లో ఒక ట్రాన్స్ మహిళ ఇలా చెప్పింది అని వస్తుంది, ఆ పేరా అయిపోగానే ఆ అనుభవానికి అంతర్జాతీయ ఒప్పందంలోని ఏదో ఒక అధికరణం అతుకుతుంది. ఆమె మళ్లీ కనబడదు. ఆ రోజు రాత్రి ఎక్కడ పడుకుంది, మర్నాడు పొద్దున ఎవరికి ఫోన్ చేసింది, రిపోర్టుకి అక్కర్లేదు.

ఇది తెలుగు వ్యాకరణంలో పెట్టి చూస్తే ఇంకా స్పష్టంగా కనబడుతుంది. మన భాషలో ‘నేను’కి లింగం లేదు. ‘నేను వచ్చాను’ అన్నప్పుడు వచ్చింది ఆడో మగో మరొకరో వాక్యం చెప్పదు, అడగదు. తమిళంలోనూ అంతే, ఇంగ్లిష్‌లోనూ అంతే. అందుకే రేవతి కథ మూడు భాషలు దాటినా ఆమె ‘నేను’ చెక్కుచెదరలేదు. అదే హిందీ అయివుంటే మొదటి వాక్యం నుంచే క్రియ ఒక పక్క చేరాల్సి వచ్చేది. ఆత్మకథ అనే ప్రక్రియ తెలుగులో ట్రాన్స్ రచయితకి ఇచ్చే సౌకర్యం చిన్నదేం కాదు. వందల పేజీలు తనని తాను ఎక్కడా నిరూపించుకోకుండా మాట్లాడొచ్చు.

రిపోర్టు ఏం చేస్తుంది? ‘నేను’ని తీసేసి ప్రథమ పురుషలో పెడుతుంది. వెంటనే తెలుగు నిలదీస్తుంది: వచ్చాడా, వచ్చిందా? మూడో దారి ఒక్కటే, ‘వచ్చారు’. గౌరవ వాచకంలో మాత్రమే మన క్రియకి లింగం పోతుంది. మన పత్రికల్లో క్రైమ్ వార్త చూడండి. పట్టుబడ్డవాళ్లు ఎవరైనా సరే ‘పట్టుబడ్డాడు’, ‘పారిపోయింది’ అని గౌరవం లేని ఏకవచనంలోనే ఉంటారు. అంటే గౌరవం దక్కని మనిషికి తెలుగులో లింగం తప్పనిసరి. గౌరవం ఇచ్చామా, లింగం అడగక్కర్లేదు. ఏ అంతర్జాతీయ చట్టమూ పుట్టకముందే మన భాషలో ఉన్న సంగతి ఇది. ‘బాధితుడు’ రాయాలా ‘బాధితురాలు’ రాయాలా అని తన్నుకులాడే సబ్ ఎడిటర్లకి ‘ఫిర్యాదుదారు’ అన్న మాట చేతికందేంత దూరంలోనే ఉంది. ఆ ‘దారు’ ఆడామగా చూడదు. ఇనాందారు, కౌలుదారు, బాకీదారు లాగే.

ఇక వస్తువు దగ్గరికి వద్దాం. రేవతి పుస్తకంలో నన్ను ఎక్కువ కదిలించింది పోలీసుల హింస కాదు. అది భయంకరంగానే ఉంది, కానీ దానికి మనం కొంత సిద్ధపడే పుస్తకం తెరుస్తాం. కదిలించింది ఆమె మళ్లీ మళ్లీ ఇంటికి వెళ్లడం. ఏ అన్నలు కొట్టారో వాళ్ల దగ్గరికే. ఏ తండ్రి పాల వ్యాపారంలో చెయ్యేసిందో ఆ ఇంటికే. ఆస్తిలో తన వాటా గురించి పోట్లాడ్డానికీ, అమ్మ చేతి అన్నం తినడానికీ ఒకే ప్రయాణంలో వెళ్తుంది. పారిపోతుంది, మళ్లీ వస్తుంది. గురువుల ప్రేమ ఉంది, గురువుల పెత్తనం ఉంది. తోటి హిజ్రాలతో తగాదాలున్నాయి. మనిషి కావాలన్న ఆకలి ఉంది, పెళ్లి ఉంది, ఆ పెళ్లి చెడిపోవడం ఉంది. 

ఇందులో రిపోర్టుకి పనికొచ్చేది ఎంత? అంతర్జాతీయ మానవ హక్కుల చట్టం మాట్లాడేది రాజ్యంతో. ముద్దాయి బోనులో నిలబడేది ఎప్పుడూ రాజ్యమే. అన్న తమ్ముణ్ని కొడితే, రిపోర్టు భాషలో అది ‘కుటుంబ హింస నుంచి వ్యక్తిని కాపాడడంలో రాజ్యం తన బాధ్యత నెరవేర్చలేదు’ అవుతుంది. తప్పేం కాదు, నిజమే. కానీ ఆ వాక్యంలో అన్న పోయాడు. ‘కొట్టినవాడు నా అన్న’ అన్న మాటలోని ముల్లు పోయింది. కొట్టించుకున్న మనిషి మర్నాడు అదే గుమ్మం ముందు ఎందుకు నిలబడిందో చెప్పడానికి ఆ చట్టంలో ఏ అధికరణమూ లేదు. అలాగే గురువు చేలాని బాధపెట్టిన సంగతి రిపోర్టు రాయాలంటే పదిసార్లు ఆలోచిస్తుంది. రేపు అదే పేరాని పట్టుకుని పోలీసు జమాత్ మీద పడితే? కాబట్టి రిపోర్టులోని బాధితులు ఎప్పుడూ కాస్త కడిగిన మనుషులుగా ఉంటారు. అసూయ, అత్యాశ, కోరిక లేని మనుషులు. నిజం చెప్పాలంటే కొంచెం విసుగు పుట్టించే మనుషులు.

రేవతికి ఈ తేడా తెలుసు. బెంగళూరులో సంగమ అనే హక్కుల సంస్థలో పనిచేస్తూ ఆమె మొదట చేసింది తమిళనాడు హిజ్రాల మాటల్ని సేకరించడం. ‘ఉణర్వుమ్ ఉరువముమ్’ అన్న పుస్తకం అలా వచ్చింది. అంటే ఇతరుల సాక్ష్యాలు రాసే పని చేశాకే తన ‘నేను’ దగ్గరికి వచ్చింది. ఈ వరస నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. ఆత్మకథని రిపోర్టుకి ముడిసరుకుగా చూడ్డం మనకి అలవాటు. ఇక్కడ అలా జరగలేదు. డాక్యుమెంటేషన్‌లో పట్టనిది మిగిలిపోతే, దాని కోసం ఆత్మకథ రాయాల్సి వచ్చింది.

ఇంతవరకూ చదివి, అయితే రిపోర్టు చచ్చు సాహిత్యం, ఆత్మకథ గొప్ప సాహిత్యం అని తేల్చేస్తున్నానని అనుకోవద్దు. 2014 ఏప్రిల్ 15 నాటి నల్సా తీర్పు చదివితే అలా తేల్చడం కష్టం. నేషనల్ లీగల్ సర్వీసెస్ అథారిటీ వేసిన కేసు కాబట్టి ఆ పేరు. జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె. సిక్రీ ఇచ్చిన ఆ తీర్పు విచిత్రమైన కలగూరగంప. అందులో వనవాసానికి పోతూ రాముడు హిజ్రాలకి వరమిచ్చిన కథ ఉంది. అరవానుడి కథ ఉంది. మొగల్ దర్బారు ఉంది, 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం ఉంది. చిన్నప్పుడు తనకి జరిగింది లక్ష్మీ నారాయణ్ త్రిపాఠి చెప్పుకున్న మాటలు ఉన్నాయి, ‘నేను’తో సహా. ఆ తర్వాత యోగ్యకర్త సూత్రాలు పేజీలకు పేజీలు ఉన్నాయి. ఒకే పాఠంలో పురాణం, చరిత్ర, ఆత్మకథ, సూత్రగ్రంథం. మన ప్రబంధాల్లో కూడా ఇన్ని దొరకవు.

గుర్తుంచుకోండి, దీనికి నాలుగు నెలల ముందు, 2013 డిసెంబర్ 11న, అదే సుప్రీంకోర్టు మరో బెంచి కౌశల్ కేసులో సెక్షన్ 377ని నిలబెట్టింది. ఆ కేసులోనూ కోర్టు ముందు కష్టాలు చెప్పుకున్నవాళ్లు ఉన్నారు. చాలలేదు. నల్సాలో లక్ష్మి మాటలు ఆ తీర్పుకి మనిషి మొహం ఇచ్చాయి, సరే. కానీ చివర్లో ఆదేశాల దగ్గరికి వచ్చేసరికి, ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకోవచ్చు, దానికి ఆపరేషన్ చేయించుకు రమ్మనడం అనైతికం, చట్టవిరుద్ధం అని కోర్టు అనగలిగిందంటే, ఆ మాట ముందే ఎవరో నిక్కచ్చిగా రాసిపెట్టి ఉండాలి. జడ్జి చేతికి అందేలా, జడ్జి వాక్యంలో కలిసిపోయేలా రాసి ఉండాలి. మన రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులకి విరుద్ధంగా లేవు కాబట్టి ఈ సూత్రాల్ని పాటించాలని కోర్టు చెప్పింది. ఎనిమిదేళ్ల కిందట యోగ్యకర్తలో కూర్చున్న 29 మంది ‘మేం కొత్తగా ఏం చెప్పడం లేదు’ అన్నారు చూడండి, ఆ ఎత్తు పారింది ఇక్కడే. మనిషి లేని ఆ వచనం, మనిషి లేనందువల్లే జోగ్యకర్త నుంచి ఢిల్లీ దాకా నడిచి రాగలిగింది. ఒక మనిషి కథ అయితే ‘పాపం’ అని పక్కన పెట్టొచ్చు. సూత్రాన్ని పక్కన పెట్టాలంటే కారణం రాయాలి.

అయితే 2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం ఆ సూత్రానికి ఏ గతి పట్టించిందో కూడా చెప్పుకోవాలి. తన గుర్తింపు తానే నిర్ణయించుకునే హక్కు ఉందని 2019లో చేసినప్పుడు నాలుగో సెక్షన్ అంది. ఐదు, ఆరు సెక్షన్లు అందుకోసం జిల్లా మేజిస్ట్రేట్‌కి దరఖాస్తు పెట్టుకుని సర్టిఫికెట్ తెచ్చుకోమన్నాయి. ఏడో సెక్షన్ స్త్రీగానో పురుషుడిగానో మార్పించుకోవాలంటే ఆపరేషన్ అయినట్టు ఆస్పత్రి కాగితం కావాలంది. చేత్తో ఇచ్చి మోచేత్తో లాక్కోవడం అంటే ఇదే. లైంగిక హింస చేసినవాడికి 18వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల శిక్ష. ఆ చట్టం వచ్చేనాటికి స్త్రీపై అత్యాచారానికి కనీస శిక్ష పదేళ్లు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెడితే చాలు, వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇక పేర్ల సంగతి. రిపోర్టుల్లో మనిషి పేరు ఉండదనీ, ఉన్నా అది చాలాసార్లు మార్చిన పేరనీ పైన నేను సణిగిన సణుగుడికి ఒక జవాబు హైదరాబాద్‌లోనే ఉంది. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో, అంటే 1919లో, ఒక చట్టం చేశారు. 1871 నాటి బ్రిటిష్ చట్టానికి తమ్ముడు. హైదరాబాద్‌లో ఉండే ‘నపుంసకుల’ పేర్లతో ఒక రిజిస్టరు పెట్టాలన్నది దాని సారం. రిజిస్టరులో పేరున్నవాళ్లు ఆడబట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైల్లో పెట్టొచ్చు. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, విడిపోయింది. ఆ చట్టం మాత్రం ‘తెలంగాణ’ అని కొత్త పేరు తగిలించుకుని అలాగే ఉంది. నల్సా తీర్పు వచ్చాక కూడా తొమ్మిదేళ్లు ఉంది. వైజయంతి వసంత మొగిలి, మరికొందరు వేసిన కేసులో 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది.

రిజిస్టరు కూడా ఒక రచనే. నిజానికి హిజ్రాల గురించి రాజ్యం రాసిన ‘సాహిత్యం’ అది. పేరు, చిరునామా, అనుమానం. అందులో అందరికీ పేర్లున్నాయి. ఆ రిజిస్టరుని మనసులో పెట్టుకుని ఐసీజే రిపోర్టుకి మళ్లీ వెళ్తే, ‘పేరు మార్చబడింది’ అన్న ఆ పొడి మాట వేరేగా వినిపిస్తుంది. నూరేళ్ల పాటు పేరు రాసుకోవడమే శిక్షగా ఉన్న మనుషుల గురించి రాసేటప్పుడు పేరు రాయకపోవడం ఒక మర్యాద. 2017లో యోగ్యకర్త సూత్రాలకి మరో తొమ్మిదింటిని కలిపారు. వాటిలో 31వది ఇంకో అడుగు ముందుకేసి, అసలు గుర్తింపు పత్రాల్లో లింగం నమోదు చేసే పద్ధతే మానుకోమని రాజ్యాలకి చెబుతుంది. మొదటిసారి చదివితే ఇది జెనీవాలో కూర్చున్నవాళ్ల గొంతెమ్మ కోరికలా అనిపిస్తుంది. 1329 ఫస్లీ చట్టం చదివి వచ్చి చదివితే అలా అనిపించదు.

ఇక్కడ మన సొంత సంప్రదాయం ఒకటి అడ్డం వస్తుంది. తెలుగు నేల మీద పౌరహక్కుల రిపోర్టు నేర్చుకున్న బడి వేరు. ఎమర్జెన్సీలో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ‘ఎన్‌కౌంటర్ల’ మీద 1977లో తార్కుండే కమిటీ విచారణ, గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకుల్ని చంపిన ఘటన, ఆ తర్వాత పౌరహక్కుల సంఘం దశాబ్దాల పాటు వేసిన నిజనిర్ధారణ నివేదికలు. వీటన్నిటికీ ప్రాణం పేరే. ఎందుకంటే అక్కడ రాజ్యం చేసే పని పేరు తుడిచేయడం. ‘గుర్తు తెలియని’ శవం అన్నప్పుడు, ఫలానా ఊరివాడు, ఫలానా తల్లి కొడుకు అని రాయడమే హక్కుల పని. బాలగోపాల్ రాతల్లో కూడా మీరు గమనించే ఉంటారు, ఊరు లేకుండా, మనిషి లేకుండా సూత్రం మొదలవ్వదు. జెనీవా రిపోర్టు సూత్రం దగ్గర మొదలై మనిషి దగ్గరికి వస్తే, ఆయన మనిషి దగ్గర మొదలై సూత్రంతో తగువు పెట్టుకుంటాడు. చాలాసార్లు తనతో తనే తగువు పెట్టుకుంటాడు. ఆ తగువు జెనీవా వచనంలో ఎప్పుడూ కనబడదు. సందేహం అక్కడ ఫుట్‌నోట్‌లో కూడా ఉండదు. నాకు ఐసీజే రిపోర్టుల మీద ఉన్న అసలు ఫిర్యాదు పేర్లు లేకపోవడం గురించి కాదు, ఈ సందేహం లేకపోవడం గురించే. మాకు ఎవరు ఏం చెప్పారు అని ఉంటుంది. మేం ఏం అడగలేకపోయాం అని ఉండదు. 

ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఎవరు, ఏ భాషలో అడిగారు, మధ్యలో దుబాసీ ఉంటే ఆ దుబాసీ ‘వాడు’ అన్నాడా ‘ఆమె’ అన్నాడా? ఇవి చిన్న ప్రశ్నలు కావు. స్టేషన్లో కానిస్టేబులు అన్న బూతు మాట తెలుగులోనో కన్నడంలోనో ఉండి ఉంటుంది. ఇంగ్లిష్ రిపోర్టులోకి వచ్చేసరికి అది ‘అవమానకరమైన భాష వాడారు’ అయి ఊరుకుంటుంది. ఆ బూతులో ఏ కులం ఉంది, ఏ అవయవం ఉంది, ఎవరి అమ్మ ఉంది, అంతా ఆ మూడు మాటల కింద పడి నలిగిపోయింది. సత్యవతి లాంటి అనువాదకులకి ఇలా ఊరుకునే వెసులుబాటు లేదు. ఆ చోట ఏదో ఒక తెలుగు మాట పెట్టి తీరాలి, పెట్టాక దానికి జవాబుదారీ కావాలి.

చదవాలనుకునేవాళ్లకి ఒక సలహా. ముందు రేవతిని చదవండి, ఒక్క ఊపున కాకుండా, రెండు మూడు రోజులు తీసుకుని. తర్వాత 2019 రిపోర్టులో అద్దె ఇళ్ల అధ్యాయం తెరవండి. ఇల్లు ఖాళీ చేయమన్న ఓనరు, రెట్టింపు అద్దె అడిగిన ఓనరు, కారణం చెప్పకుండా తలుపు వేసేసిన ఓనరు ఒకరి తర్వాత ఒకరు వస్తారు. అక్కడ రెండు పేరాల్లో వచ్చిపోయే ఒక్కో మనిషి వెనక ఎన్ని వందల పేజీలు ఉండి ఉంటాయో అప్పటికి మీకు ఒక అంచనా వచ్చి ఉంటుంది. నల్సా తీర్పు చివర చదవండి. పొడవుకి భయపడితే రాముడి కథ వదిలేసినా పర్లేదు, లక్ష్మి మాటలూ ఆఖరి ఆదేశాలూ వదలొద్దు.